34 మిల్లీమీటర్ల రంధ్రం, దాని చుట్టూ కట్టిన కారు

మీరు అడిగినవి మూడు. 300 హార్స్‌పవర్ చుట్టుపక్కల ఉండే ర్యాలీ కారు, అంతకు రెట్టింపు శక్తి ఉన్న స్పోర్ట్స్ కార్లను మట్టిరోడ్డు మీద ఎలా వెనకేస్తుంది? డ్రైవరు కాలు తీసినప్పుడల్లా సైలెన్సర్లో టపాసులు పేలినట్టు ఆ చప్పుడేమిటి, ఇంజన్‌కి ఏమీ కాదా? ఇందులో మామూలు కారుకి పెట్టుకోదగినవి ఏమైనా ఉన్నాయా?

మొదటి రెండింటి జవాబూ ఒకే చోట మొదలవుతుంది. ఎగ్జాస్ట్ పొగ తోపుతో తిరిగి ఇంజన్లోకి గాలి నొక్కే పంపు టర్బో. దాని మూతి దగ్గర బిగించి సీలు వేసే ఒక చిన్న రింగు అది. పేరు రెస్ట్రిక్టర్. ఇంజన్ పీల్చే గాలంతా దాని మధ్యలోని రంధ్రం గుండానే పోవాలి. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో 1990లో 40 మి.మీ. తో మొదలుపెట్టారు, 1992లో 38 చేశారు, 1995లో 34కి దించారు. 1997లో వచ్చిన 2 లీటర్ల వరల్డ్ ర్యాలీ కార్లు 2010 దాకా ఆ 34తోనే నడిచాయి. 2011లో 1.6 లీటర్ల ఇంజన్లు వచ్చాక 33, 2017లో 36, హైబ్రిడ్ తీసేసిన 2025లో 35. ఇప్పటి పై తరగతి పేరు ర్యాలీ1, దాని కిందిదైన ర్యాలీ2 తరగతి కార్లకైతే 32. రంధ్రం ఎక్కడ ఉండాలో కూడా నిబంధనలోనే రాసి ఉంటుంది. కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే చక్రం) రెక్కల అంచు నుంచి 50 మి.మీ. లోపలే ఉండాలి, ఆ ఇరుకు వ్యాసం కనీసం 3 మి.మీ. పొడవున అలాగే కొనసాగాలి.

గాలి ఒక ఇరుకు దారిలో వెళ్తుంటే వేగం పెరుగుతుంది. ఆ వేగం ధ్వని వేగాన్ని అందుకుందంటే ఇక అంతే, అవతల టర్బో ఎంత గట్టిగా లాగినా సెకనుకి పోయే గాలి బరువు పెరగదు. 34 మి.మీ. రంధ్రం వైశాల్యం సుమారు 9 చదరపు సెంటీమీటర్లు. సాధారణ వాతావరణ పీడనంలో, కొద్దిపాటి నష్టాలు తీసేస్తే, దాని గుండా సెకనుకి 210 గ్రాముల గాలి పోతుంది. 12 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోలు లెక్కన సెకనుకి 17.5 గ్రాముల పెట్రోలే కాల్చగలం. గ్రాముకి 43 కిలోజౌళ్లు చొప్పున 750 కిలోవాట్లు. అందులో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) దాకా వచ్చేది సుమారు 30 శాతం, అంటే 225 కిలోవాట్లు. హార్స్‌పవర్‌లో చెప్పాలంటే 300. ఆ కార్లకు ప్రకటించిన అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూశారుగా, రంధ్రం వ్యాసంలోంచి వచ్చింది. తర్వాతి మార్పులకూ ఇదే లెక్క సరిపోతుంది. 33 నుంచి 36కి పెంచితే వైశాల్యం 19 శాతం పెరుగుతుంది. 320 చుట్టూ ఉన్న కార్లు 2017లో 380 అయ్యాయి. 36 నుంచి 35కి తగ్గిస్తే ఐదున్నర శాతం గాలి పోయినట్టే.

గరిష్ఠ శక్తి ఎలాగూ పెంచలేనప్పుడు ఇంజనీరు చేతిలో మిగిలేది ఒక్కటే. ఆ శక్తి ఎన్ని ఆర్‌పీఎమ్‌ (నిమిషానికి ఇంజన్ చుట్లు) దగ్గర మొదలవ్వాలి? వీలైనంత కింద. 3,500 ఆర్‌పీఎమ్‌ దగ్గరే ఆ 210 గ్రాముల గాలినీ 2 లీటర్ల ఇంజన్లోకి కుక్కాలంటే బూస్ట్, అంటే వాతావరణ పీడనం పైన టర్బో ఇచ్చే అదనపు పీడనం, 2.2 బార్ దాకా కావాలి. అలా కుక్కితే 600 న్యూటన్-మీటర్ల టార్క్ (తిప్పే బలం) వస్తుంది. 600 న్యూటన్-మీటర్లు, 3,500 ఆర్‌పీఎమ్‌, గుణిస్తే 220 కిలోవాట్లు. అంటే గరిష్ఠ శక్తి అక్కడికే వచ్చేసింది! అక్కడి నుంచి 6,000 దాకా శక్తి గీత బల్లపరుపుగా ఉంటుంది. 7,000కి వెళ్తే అదే గాలిని రెట్టింపు చుట్లకు పంచాలి కాబట్టి బూస్ట్ 0.6 బార్‌కి పడిపోతుంది, ఘర్షణ నష్టం మాత్రం పెరుగుతుంది. ఆ కార్లను ఎర్రగీత దాకా లాగడం శుద్ధ దండగ. పాత సుబారు ఇంప్రెజా, ఫోర్డ్ ఫోకస్ ర్యాలీ కార్ల వీడియోల్లో గేర్లు అంత త్వరగా మార్చేస్తున్నారేమిటి అనిపించేది ఇందుకే. 2011 తర్వాతి 1.6 ఇంజన్లలో ఈ లెక్క కొంచెం మారింది. వాటికి వాతావరణంతో కలిపి మొత్తం పీడనం మీద కూడా 2.5 బార్ పరిమితి ఉంది కాబట్టి కింది ఆర్‌పీఎమ్‌లో అంత కుక్కడం కుదరదు. అందుకే అవి ఎక్కువ తిరుగుతాయి, చప్పుడులో కూడా సన్నదనం ఉంటుంది.

600 హార్స్‌పవర్ స్పోర్ట్స్ కారు ఆ శక్తిని ఇచ్చేది పై ఆర్‌పీఎమ్‌లో, తిన్నని రోడ్డు దొరికినప్పుడు. అడవి దారిలో మూడు సెకన్లకో మలుపు ఉన్నచోట అది ఆ ఆర్‌పీఎమ్‌కి చేరేలోపే బ్రేకు వేయాల్సి వస్తుంది. ర్యాలీ కారుకి ఏ గేర్లో ఉన్నా, ఏ వేగంలో ఉన్నా కాలు కింద మొత్తం శక్తీ సిద్ధంగా ఉంటుంది.

ఈ రంధ్రం విలువ జట్లకు ఎంతో తెలియాలంటే 1995 కాటలున్యా ర్యాలీని గుర్తు చేసుకోవాలి. టొయోటా సెలికా టర్బోలో రెస్ట్రిక్టర్ కొలిస్తే సరిగ్గా 34 ఉంది. కానీ గాలి గొట్టాన్ని ప్రత్యేక పనిముట్టుతో బిగించినప్పుడు లోపలి డిస్క్ స్ప్రింగులు నొక్కుకుని రెస్ట్రిక్టర్ భాగం 5 మి.మీ. ముందుకు జరిగేది. అప్పుడు రింగు పక్కనుంచి గాలికి ఇంకో దారి తెరుచుకునేది. తనిఖీకని గొట్టం విప్పగానే స్ప్రింగులు దాన్ని యథాస్థానానికి తోసేసేవి, ఎక్కడా సందు కనపడేది కాదు. పాయింట్లన్నీ పోయాయి, 12 నెలల నిషేధం పడింది. తప్పు తప్పే, కానీ ఆ పనితనాన్ని పట్టుకున్నవాళ్లే మెచ్చుకున్నారు.

ఇక టపాసుల సంగతి. కింది ఆర్‌పీఎమ్‌లో అంత బూస్ట్ కావాలంటే టర్బో చక్రం ఎప్పుడూ నిమిషానికి లక్ష చుట్ల పైనే తిరుగుతుండాలి. మలుపులో కాలు తీస్తే ఎగ్జాస్ట్ ప్రవాహం ఆగి, చక్రం మందగిస్తుంది. మళ్లీ కాలు నొక్కాక బూస్ట్ వచ్చేదాకా ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపే టర్బో ల్యాగ్. దీన్ని పోగొట్టేదే యాంటీ-ల్యాగ్, పని చేసే వరుస ఇది. డ్రైవరు కాలు తీయగానే థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు. దాన్ని కొన్ని డిగ్రీలు తెరిచే ఉంచుతారు, లేదా పక్కనుంచి ఒక వాల్వు ద్వారా గాలి పంపుతారు. అదే క్షణంలో ఇగ్నిషన్‌ని బాగా ఆలస్యం చేస్తారు. మామూలుగా పిస్టన్ పైకి చేరడానికి 20, 30 డిగ్రీల ముందు పడే స్పార్కు, ఇప్పుడు పిస్టన్ కిందికి దిగడం మొదలెట్టాక 20 నుంచి 40 డిగ్రీల తర్వాత పడుతుంది. పెట్రోలు కొంచెం ఎక్కువ పోస్తారు. మంట పిస్టన్‌ని పెద్దగా తోయదు కాబట్టి కారు ముందుకి దూకదు. కానీ ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునేసరికి మంట ఇంకా మండుతూనే ఉంటుంది, మిగిలిన పని మానిఫోల్డ్‌లో (సిలిండర్ల పొగను టర్బోకి చేర్చే గొట్టాల్లో) చేస్తుంది. అంటే టర్బైన్ (టర్బోలో పొగ తిప్పే చక్రం) ముందు ఓ చిన్న జెట్ ఇంజన్ పెట్టినట్టు. కొన్ని సిలిండర్లలో స్పార్కు పూర్తిగా ఆపేస్తే మండని మిశ్రమం ఎర్రగా కాలిన మానిఫోల్డ్‌కి తగిలి అక్కడే అంటుకుంటుంది. మనకి వినపడే టపటప అదే. ఇంజన్ పాడవ్వలేదు, ప్రోగ్రాములో రాసిన పనే చేస్తోంది.

ఇంకాస్త నాజూకైన పద్ధతీ ఉంది. కంప్రెసర్ నుంచి సన్నటి గొట్టాల ద్వారా తాజా గాలిని నేరుగా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోకి పంపి, సిలిండర్ల నుంచి వచ్చే అదనపు పెట్రోలుని అక్కడ నిలకడగా కాల్చడం. ఇందులో పేలుళ్లు తక్కువ, గరగరమనే గర్జన ఎక్కువ. ఇంజన్‌కి దెబ్బ కూడా తక్కువే.

1980ల నాటి గ్రూప్ బి ర్యాలీ తరగతి రోజుల్లో ల్యాగ్‌కి ఇటలీ కంపెనీ లాన్చియా వేరే విరుగుడు వెతికింది. 1985 చివర్లో బ్రిటన్ ఆర్‌ఏసీ ర్యాలీలో దిగి తొలిసారే గెలిచిన డెల్టా ఎస్4లో కింది ఆర్‌పీఎమ్‌కి ఇంజనే తిప్పే సూపర్‌ఛార్జర్, పైన టర్బో, రెండూ ఉండేవి. దాని ఇంజన్ 1,759 సీసీ. అంత వింత అంకె ఎందుకంటే, అప్పటి నిబంధన టర్బో ఇంజన్ సైజుని 1.4తో గుణించేది. 1,759 గుణించు 1.4 అంటే 2,463, అంటే 2,500 లోపు తరగతి, కనీస బరువు 890 కిలోలు. పెజో 205 టర్బో 16 ఇంజన్ 1,775 సీసీ, గుణిస్తే 2,485. ఇంచుమించు గీత మీదే నిలబెట్టారు. ఫోర్డ్ ఆర్ఎస్200 మాత్రం 1,803 సీసీ, గుణిస్తే 2,524. 24 సీసీ తేడాతో పై తరగతిలో పడి, 960 కిలోల కనీస బరువు మోయాల్సొచ్చింది. అభిమానులు ఇప్పటికీ దాని గురించి నిట్టూరుస్తూనే ఉంటారు.

యాంటీ-ల్యాగ్‌కి చెల్లించే మూల్యం వేడి. మానిఫోల్డ్‌లో 1,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, అందుకే ఇంకోనెల్ లాంటి నికెల్ మిశ్రమాలతో చేస్తారు. ముందు పోయేది టర్బైన్ రెక్కల కొసలు, తర్వాత మానిఫోల్డ్ వెల్డింగుల దగ్గర పగుళ్లు. స్టేజి (టైము కొలిచే రోడ్డు ముక్క) అయిపోగానే సిబ్బంది స్విచ్ తిప్పి మామూలు మోడ్‌లోకి వస్తారు, వెంటనే ఇంజన్ ఆపరు. ఎర్రగా కాలిన టర్బో బేరింగులో నూనె ఆగిపోతే అక్కడే మాడి బొగ్గవుతుంది.

అందరి దృష్టీ మంటల మీదే ఉంటుంది గానీ, నా దృష్టిలో దీని అసలు తమాషా బ్రేకుల దగ్గర ఉంది. మామూలు కారులో బ్రేకు పెడల్‌ని తేలిక చేసే బూస్టర్, మూసిన థ్రాటిల్ వెనక పుట్టే వ్యాక్యూమ్‌తో పనిచేస్తుంది. యాంటీ-ల్యాగ్‌లో థ్రాటిల్ ఎప్పుడూ పూర్తిగా మూసుకోదు, కాబట్టి వ్యాక్యూమూ ఉండదు. అందుకే ర్యాలీ కారులో బూస్టరే పెట్టరు. ముందు బ్రేకులకొకటి, వెనక బ్రేకులకొకటి, పెడల్ నొక్కితే బ్రేకు ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండర్లు రెండు పెట్టి, మధ్యలో ఒక బ్యాలెన్స్ బార్ వేస్తారు. డ్రైవరు మరతో ఆ బార్‌ని జరిపి ముందు వెనకల వాటా మార్చుకుంటాడు. వాన పడితే వెనక్కి ఒకటి రెండు చుట్లు, పొడి తారు అయితే ముందుకి. పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది. ఎడమ కాలితో బ్రేకు వేయడం ఈ పెడల్‌తో సులువు, తేలిక పెడల్ మీద ఎడమ కాలు పెడితే మొహం డాష్‌బోర్డుకి తగులుతుంది. పైగా ఎడమ కాలితో బ్రేకు, కుడి కాలితో కాస్త యాక్సిలరేటర్ ఒకేసారి పట్టి ఉంచితే ముక్కు భాగం రోడ్డుకి అదిమి ఉంటుంది, టర్బో కూడా చల్లారదు.

గేర్‌బాక్స్ గురించి క్లుప్తంగా. ఇప్పటి ర్యాలీ1, ర్యాలీ2 కార్లకు ఐదే గేర్లు. వరస పద్ధతి, లీవరు లాగితే పై గేరు, తోస్తే కింది గేరు. లోపల గేర్ల వేగాలు సమం చేసే సింక్రో రింగులుండవు, గేరు పక్కన దిమ్మెల్లాంటి కొన్ని మొద్దు పళ్లు మాత్రం ఉంటాయి. వాటిని డాగ్స్ అంటారు. పైకి మార్చేటప్పుడు క్లచ్ అక్కర్లేదు. ఇగ్నిషన్ సెకనులో ఇరవయ్యో వంతు ఆగితే పళ్ల మీద ఒత్తిడి సడలి గేరు జారుకుంటుంది. ఈ పెట్టెని చంపేది వేగం కాదు, మెతకదనం. లీవరుని మెల్లగా లాగితే డాగ్స్ ముఖాముఖి గుద్దుకుంటూ అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. అరిగినవి లోడ్ పడగానే గేర్లోంచి బయటికి తన్నేస్తాయి. నూనె తీసినప్పుడు మాగ్నెట్ ప్లగ్గు మీద సన్నటి బూడిద పొర ఉంటే కంగారు లేదు, బియ్యపు గింజంత ముక్క కనపడితే మాత్రం పెట్టె విప్పాల్సిందే.

నాలుగు చక్రాల డ్రైవు ర్యాలీలో కొత్త శకం తెచ్చిందని అందరికీ తెలుసు. 1981లో ఆడి క్వాట్రో దిగింది, అదే ఏడు మిషెల్ మూటన్ సాన్‌రెమో ర్యాలీ గెలిచింది. కానీ నాలుగు చక్రాలకీ శక్తి పంపడం సులువు, దాన్ని పంచడం కష్టం. రెండు వైపుల చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిస్తూ శక్తిని పంచే పెట్టె డిఫరెన్షియల్. మామూలుది పట్టు లేని చక్రానికే శక్తి వదిలేస్తుంది. మట్టి మీద ఏదో ఒక చక్రం ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది. అందుకే ప్లేట్ల డిఫరెన్షియల్ వాడతారు. లోపల వాలుగా కోసిన గాడుల్లో ఒక అడ్డ కడ్డీ కూర్చుని ఉంటుంది. టార్క్ పడగానే ఆ కడ్డీ వాలు ఎక్కి రెండు రింగులను విడదీస్తుంది, అవి ప్లేట్ల కట్టను అదుముతాయి, రెండు చక్రాలూ ఒకదానికొకటి బిగుసుకుంటాయి. వాలు 30 డిగ్రీలైతే గట్టి పట్టు, 60 అయితే మెత్తన, 85 అయితే దాదాపు పట్టు లేనట్టే. కాలు నొక్కినప్పుడు ఒక వాలు, కాలు తీసినప్పుడు ఇంకో వాలు పనిచేస్తుంది కాబట్టి రెంటినీ విడివిడిగా ఎంచుకోవచ్చు. ముందు డిఫరెన్షియల్‌కి కాలు తీసినప్పటి పట్టు ఎక్కువైతే కారు మలుపులోకి తిరగనంటుంది, స్టీరింగ్ చేతుల్లోంచి గుంజుకుంటుంది. కొత్తగా మొదలెట్టినవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. ముందు భాగం మొండికేస్తోందని స్ప్రింగులు మారుస్తూ కూర్చుంటారు, అసలు దోషం డిఫరెన్షియల్‌లో ఉంటుంది.

ఏ టార్కూ లేనప్పుడు కూడా ప్లేట్లు ఎంత బిగువుగా ఉన్నాయో దాన్ని ప్రీలోడ్ అంటారు. కొలవడం సులువు. రెండు చక్రాలకీ శక్తి అందే ఇరుసు మీద ఒక చక్రం నేలకి ఆన్చి, రెండోదాన్ని జాకీ మీద లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, లేపిన చక్రం హబ్ మీద టార్క్ రెంచ్‌తో తిప్పాలి. జారడం మొదలైన దగ్గర కనపడే అంకె మీ ప్రీలోడ్. ప్లేట్లు అరిగేకొద్దీ ఇది పడిపోతుంది. కొత్త ప్లేట్లు వేశాక మెల్లగా ఎనిమిది ఆకారంలో రెండు వైపులా పది నిమిషాలు నడిపి, నూనె పారబోసి కొత్తది పోయాలి. ఆ పని ఎగ్గొడితే ప్లేట్లు మచ్చలుగా కాలిపోయి టకటకమంటూ పట్టి వదులుతుంటాయి.

కంప్యూటర్ నడిపే హైడ్రాలిక్ డిఫరెన్షియళ్లు మూడూ ఉన్న రోజులూ ఉన్నాయి. 2006 నుంచి ముందు వెనకలవి మెకానికల్‌ చేయమన్నారు, 2011లో మధ్యది కూడా తీసేశారు, 2017లో మధ్యది తిరిగొచ్చింది, 2022లో మళ్లీ పోయింది. హ్యాండ్‌బ్రేక్‌కి దీనికీ చుట్టరికం ఉంది. ముందు వెనకలు బిగుసుకుని ఉంటే వెనక చక్రాలను ఆపితే ముందువీ ఆగుతాయి, ఇంజన్ కూడా చచ్చిపోతుంది. అందుకని లీవరు లాగగానే అదే హైడ్రాలిక్ పీడనంతో వెనక ఇరుసుకి పోయే డ్రైవు విడిపోతుంది. ఇది లేని నాలుగు చక్రాల కారులో హ్యాండ్‌బ్రేక్ మలుపులు తిప్పబోతే ముందు పోయేది ట్రాన్స్‌ఫర్ గేర్‌బాక్సే.

ఇప్పుడు నా లెక్కలో ర్యాలీ కారులో అన్నిటికన్నా గొప్ప భాగం, సస్పెన్షన్. ఇంజన్ సమానంగా ఉన్న కార్ల మధ్య తేడా వచ్చేది ఇక్కడే. స్వీడన్‌లోని కాలిన్స్ క్రెస్ట్ అనే గుట్ట మీద 45 మీటర్ల దూకుళ్లు కొలిచారు. అలా దూకిన కారు ఒక మీటరు 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిందనుకుందాం. పడిన ఎత్తుని, ఆగడానికి దొరికిన దూరంతో భాగిస్తే సగటున ఎన్ని రెట్ల భూమ్యాకర్షణతో ఆగిందో వస్తుంది. ర్యాలీ1 కార్లకు చక్రం కదలిక పరిమితి 270 మి.మీ. అందులో 250 వాడుకుంటే 1,200 భాగించు 250, సుమారు ఐదు రెట్లు. మామూలు కారుకి 150 దొరికితే ఎనిమిది రెట్లు. అయితే ఇది సగటు మాత్రమే. స్ప్రింగు ఒక్కదాంతోనే ఆపితే మొదట్లో బలం తక్కువ, చివర్లో సగటుకి రెట్టింపు, అక్కడే స్ట్రట్ (స్ప్రింగు, డ్యాంపర్ కలిసిన నిలువు కాలు) పైకప్పు పొడుచుకొస్తుంది. దిగిన క్షణం నుంచి ఆగేదాకా బలం ఒకే తీరుగా ఉండేలా చూడటం డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) పని. చక్రం మొదట తాకినప్పుడు వేగం ఎక్కువ, అప్పుడు నూనె వాల్వులు గట్టిగా అడ్డుకోవాలి. కానీ అదే వేగంతో చిన్న రాయి తగిలితే మెత్తగా వదిలేయాలి. ఒకే వేగం, రెండు రకాల స్పందనలు! దీనికి ఉపాయం స్థానాన్ని బట్టి పనిచేసే భాగం. చివరి ఐదారు సెంటీమీటర్లలోకి రాడ్ దిగాక, లోపల ఇంకో చిన్న పిస్టన్ తన గదిలోకి దూరి నూనెను సన్నటి దారిలోంచి పిండుతుంది. దీన్నే హైడ్రాలిక్ బంప్ స్టాప్ అంటారు. రబ్బరు ముక్కలా ఇది తిరిగి తన్నదు, శక్తిని వేడిగా మార్చి పారేస్తుంది. దూకి దిగిన కారు ఎగిరిపడకుండా నేలకి అతుక్కుపోవడం చూసి ముచ్చటపడుతుంటారు కదా, ఆ రహస్యం ఇదే.

స్ట్రట్ తలకిందులుగా ఉండటం కూడా గమనించండి. మాక్‌ఫర్సన్ పద్ధతిలో డ్యాంపరే చక్రాన్ని పక్కకు వంగకుండా కూడా పట్టాలి. సన్నటి రాడ్ ఆ వంపుకి తట్టుకోదు. అందుకే డ్యాంపర్‌ని తిరగేసి, లావుపాటి గొట్టాన్నే బయటి కవచంలో బుష్‌ల మీద జారేలా పెడతారు. వంపు బలం లావు గొట్టం మోస్తుంది, సన్నటి రాడ్ లోపల సుఖంగా ఉంటుంది. ఇందులో అరిగేవి ఆ బుష్‌లు. చక్రాన్ని పైన ఒక చేత్తో కింద ఒక చేత్తో పట్టి ఊపితే టిక్కుమని చప్పుడొచ్చి, బేరింగు బాగుంటే, దోషం బుష్‌దే. గ్రీజు ఆరిపోయిన బుష్ మలుపులో స్ట్రట్‌ని పట్టేస్తుంది. డ్రైవరుకి అది పట్టు జారిపోయినట్టు అనిపిస్తుంది.

కిందికి వేలాడే కదలిక గురించి ఎవరూ మాట్లాడరు. గుంత వస్తే చక్రం వెంటనే దిగి నేలను వెతుక్కోవాలి, లేకపోతే ఆ క్షణం బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు. తిరుగు కదలికకి డ్యాంపింగ్ ఎక్కువ పెడితే వరుస గుంతల్లో చక్రం ప్రతిసారీ పూర్తిగా దిగకముందే మళ్లీ పైకి తోసుకుపోతుంది. నాలుగైదు గుంతలకి కారు తన ఎత్తు పోగొట్టుకుని కింది రక్షణ రేకు మీద పాకుతుంది. "కారు గట్టిగా ఉంది, స్ప్రింగు మెత్తన చేద్దాం" అనుకుంటారు. చేయాల్సింది రీబౌండ్ (ఆ తిరుగు కదలిక డ్యాంపింగ్) రెండు క్లిక్కులు వదలడం.

టైర్ల విషయం త్వరగా చెప్పేస్తాను. తారు మీద 18 అంగుళాల చక్రాలు, లోపల 370 మి.మీ. ముందు డిస్కులు. మట్టి మీద 15 అంగుళాలు, డిస్కులు 300. మట్టికి చిన్న చక్రం ఎందుకంటే టైరు పక్కగోడకి ఎత్తు కావాలి, రాయి తగిలితే నలిగి తేరుకోవాలి. మంచులో టైరు 205 వెడల్పుతో సన్నగా ఉంటుంది. మెత్తటి మంచుని కోసుకుంటూ కింది గడ్డకట్టిన పొరని అందుకోవడానికి ఆ సన్నదనం. స్వీడన్‌లో వాడే టైరులో 384 మేకులు, ఒక్కోటి 20 మి.మీ. పొడవు, బయటికి కనపడేది 7 మి.మీ. లోపే. గడ్డ కరిగి కింద కంకర బయటపడిందంటే చక్రం గిర్రున తిప్పిన ప్రతిసారీ మేకులు ఊడిపోతాయి. రెండో విడత స్టేజీల్లో పట్టు పోయేది అందుకే.

ఇక మూడో ప్రశ్న. మామూలు కారుకి ఇందులో ఏవి పనికొస్తాయి? యాంటీ-ల్యాగ్ వద్దు. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటే కరిగిపోతుంది, మానిఫోల్డ్ పగులుతుంది. టపటప చప్పుడు కోసం ఇగ్నిషన్ ఆలస్యం చేసి పెట్రోలు పోసే ప్రోగ్రాములు చాలామంది వేయిస్తున్నారు. వాటిలో గాలి దారి తెరిచి ఉంచే ఏర్పాటే ఉండదు కాబట్టి బూస్ట్ నిలవదు. చప్పుడొక్కటే మిగులుతుంది, బిల్లుతో సహా. డాగ్ గేర్‌బాక్స్ రోజువారీ ట్రాఫిక్‌లో నరకం.

మట్టిదారుల్లో తిరిగేవారైతే మొదట పెట్టుకోవాల్సింది సంప్ గార్డు, అంటే ఇంజన్ నూనె తొట్టి (సంప్) కింద బిగించే రేకు. గార్డుకీ సంప్‌కీ మధ్య 15, 20 మి.మీ. సందు వదలండి, ఆనుకుని ఉంటే రాయి దెబ్బ నేరుగా సంప్‌కే పోతుంది. బోల్టు తలలు రేకు మందంలో మునిగి ఉండాలి, బయటికి పొడుచుకొస్తే మొదటి బండరాయికే తెగుతాయి, తెగిన బోల్టుని వెనక్కి తీయడం పెద్ద పని. నూనె ప్లగ్గుకి రంధ్రం వదలండి, వారానికోసారి పైన పేరుకున్న మట్టి కడగండి, అది కిలోలకొద్దీ ఉంటుంది. రెండోది డ్యాంపర్లు, కారు ఎత్తు తగ్గించకుండా కదలిక పెంచేవి. మూడోది బ్రేకు ద్రవం. డాట్ 4 ప్రమాణంలో కొత్త ద్రవం కనీస మరుగుస్థానం 230 డిగ్రీలు, తేమ పీల్చుకున్నాక 155. డాట్ 5.1 అయితే 260, 180. ఘాట్ రోడ్డు దిగుతుంటే పెడల్ ఉన్నట్టుండి నేలకి దిగిపోయిందంటే ప్యాడ్లను అనుమానించే ముందు ద్రవం ఎప్పుడు మార్చారో చూడండి. పాత ద్రవం తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్ నుంచి అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలెట్టి దగ్గరి దానికి రండి, కారు మాన్యువల్లో వేరే వరస ఉంటే అదే పాటించండి. డబ్బా మూత తెరిచి ఆరు నెలలు దాటిన ద్రవాన్ని, ఎంత మిగిలున్నా, వాడొద్దు.